కాకి కబురు

ఆదివారం సాయంత్రం రైలు లోపు చేయవలసిన పనులు:

నీలం యూనిఫాం రెండు జతలు ఉతికి, ఇస్త్రీ చేసి, విడివిడిగా పాలిథిన్ కవర్లలో పెట్టాలి.
మీటింగుకి తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు.
జీన్స్ వద్దు. తడిస్తే వారమైనా ఆరదు.
సేఫ్టీ బూట్లలో పాత పేపర్లు కుక్కాలి.
మేజోళ్ళు ఎనిమిది జతలు.
రెయిన్‌కోటు. గొడుగొక్కదాన్నే నమ్ముకోకూడదు.
పంపు డ్రాయింగులు జిరాక్స్ తీయించాలి.
అమ్మ బీపీ మాత్రలు నెలకి సరిపడా కొనాలి.
అమ్మకి చెప్పాలి.

మొదటి ఏడూ మా ఆఫీసులో సీనియర్ ప్రిస్కిల్లా మేడం దగ్గర కూర్చోబెట్టి రాయించినవి. ఆవిడ రెండు వానాకాలాలు మంగుళూరు వెళ్ళి వచ్చిన మనిషి. చివరి రెండూ నేను రాసుకున్నాను. ఆఖరిది రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాను.

నేను విశాఖలో నీటి పంపులు అమ్మే ఒక కంపెనీలో సర్వీస్ ఇంజనీరుని. పేరు మోహనకృష్ణ. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. చేపలకి ఐసు చేసే ఒక ఫ్యాక్టరీలో మా పంపులు మొరాయిస్తున్నాయి, పది రోజులుండి బాగుచేసి రమ్మని మేనేజరు చెప్పినప్పుడు "సరే సార్" అన్నాను. ఎక్కడికి సార్ అని తరవాత అడిగాను. మంగుళూరు అన్నారు. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. కాదనడం ఇంకా అలవాటు కాలేదు.

మంగుళూరులో మా మావయ్య చనిపోయాడు. నిరుడు, ఇదే జూలైలో.

శనివారం బస్సెక్కి ఇంటికి వచ్చాను. మాది చీపురుపల్లి దగ్గర పల్లె. ఆదివారం పొద్దున్నే వీధి అరుగు మీద దుప్పటి పరిచి, ఇస్త్రీ పెట్టె వేడెక్కించి, లిస్టు పక్కన పెట్టుకుని కూర్చున్నాను. మా ఊళ్ళో ఆ రోజు చినుకు లేదు. ఎండ చుర్రుమంటోంది. అయినా యూనిఫాం చొక్కా ఎన్నిసార్లు రుద్దినా చంకల దగ్గర చెమ్మ తగులుతున్నట్టే ఉంది. మడత పెట్టడం, విప్పడం, మళ్ళీ రుద్దడం.

"ఆ సొక్కాని సంపేస్తావేటి? ఒగ్గీరా," అంది అమ్మ, గుమ్మంలో నిలబడి. చేతిలో చీపురుపల్లి బట్టల కొట్టు సంచి ఉంది. అందులోంచి ఒక కొత్త పంచె, ఒక తువ్వాలు తీసి దుప్పటి మీద పెట్టింది. రెండింటి అంచులకీ పసుపు రాసి ఉంది.

"ఏటమ్మా ఇవి?"

"మీ మావకి. సమచ్చరం వచ్చేస్తంది కదా. నానెల్లి ఆడి మొగం సూడనేదు. మీద గుడ్డ కప్పనేదు. నువ్వెల్తన్నావు కదా, ఆడ్ని కాల్సిన కాడ పెట్టిసి రా."

మా వైపు, పోయినవాడి మీద తోబుట్టువు ఒక కొత్త గుడ్డ కప్పి సాగనంపాలి. మావయ్యకి పెళ్ళి లేదు. అమ్మమ్మ, తాత ఎప్పుడో పోయారు. ఆ గుడ్డ కప్పవలసిన మనిషి ప్రపంచంలో అమ్మ ఒక్కతే.

"ఎక్కడ కాల్చారో మనకేం తెలుసమ్మా?"

"కనుక్కో. ఇంజినీరువి కదేటి? పంపులో ఏ మర సెడ్డదో కనుక్కున్నోడివి, మీ మావెక్కడున్నాడో కనుక్కోలేవా?" అని, నేను పంచెని బ్యాగు అడుగున పెట్టబోతుంటే చెయ్యి పట్టుకుంది. "బూట్లకాడొద్దు. మీద పెట్టు."

"తడవకుండా కవర్లో పెడతాను."

"కవరొద్దు. ఊపిరాడదు."

ఎవరికని నేను అడగలేదు. ప్రహరీ మీద కాకి ఒకటి వాలి మమ్మల్ని చూస్తోంది. అమ్మ దానికేసి చూసి, "ఇప్పుడొస్తావు. ఆరోజు బతిమాలితే రానేదు," అంది, పొరుగింటావిడని దెప్పినట్టు.

ఆ కాకి సంగతి చెప్పాలి. చెప్పకపోతే నేను చేసిన పని మీకు అర్థం కాదు.

కాకి ఎవరి తల మీదైనా తన్నితే వాళ్ళకి గండమని మావాళ్ళ నమ్మకం. దానికి విరుగుడు, ఆ మనిషి చచ్చిపోయినట్టు దగ్గరివాళ్ళకి అబద్ధపు కబురు పంపడం. విన్నవాళ్ళు నిజమని నమ్మి ఏడవాలి. నిజమైన ఏడుపు ఒకటి పడితే, చావు వచ్చి తన పని చూసుకుని వెళ్ళిపోయిందని లెక్క. అబద్ధమని తెలిసి ఏడిస్తే పనిచేయదు. అందుకని ఆ కబురు గట్టిగా, నమ్మేటట్టు చెప్పిస్తారు.

మావయ్య, అక్కడివాళ్ళకి జగ్గు, మంగుళూరులో పెద్ద పెద్ద భవంతులకి రంగులు వేసేవాడు. నాన్న పోయాక మమ్మల్ని చూసినవాడు ఆయనే. వారానికొకసారి ఫోను చేసేవాడు. "ఇది వాన కాదల్లుడూ, మబ్బులో కాపురం. సోమారం ఉతికిన లుంగీ గురారం దాకా ఏడుస్తానే ఉంటాది," అనేవాడు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ వెనక రేకుల మీద వాన చప్పుడు ఉండేది.

మూడేళ్ళ కిందట, నేను ఇంజనీరింగు రెండో సంవత్సరంలో ఉండగా, ఒక పొద్దున్న అమ్మ ఫోనుకి కొత్త నంబరు నుంచి కాల్ వచ్చింది. నేనూ ఇంట్లోనే ఉన్నాను. మావయ్యతో పనిచేసే ఎవడో ఒడియా అతను, పేరు త్రినాథ్ అట, మావయ్య తన అక్కని పిలిచినట్టే పిలుస్తూ, వచ్చీరాని తెలుగులో, "అప్ప... జగ్గు భాయ్ నేదు. పోనాడు," అన్నాడు. అంతే. అమ్మ నూతి గట్టు దగ్గర కూలబడిపోయింది. గుండెలు బాదుకుంటూ, "ఓలమ్మో, నా తమ్ముడో," అని ఆమె పెట్టిన కేకకి వీధి వీధంతా వచ్చేసింది.

పావుగంటకి మళ్ళీ ఫోను మోగింది. ఈసారి మావయ్యే.

"ఏటప్పా, బాగా ఏడ్సినావా?" అని ఒకటే నవ్వు. "నిన్న రంగులేసే కర్రల మీదుండగా కాకి తన్నినాది. ఇంకేటి, గండం పోనాది."

అమ్మ ఏడుస్తూనే తిట్టింది, తిడుతూనే నవ్వింది. "నీ నోట్లో మన్నెయ్య, నా పేనం పోనాదిరా!" అంది. చుట్టూ చేరిన ఆడవాళ్ళందరూ నవ్వారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఫోను లాక్కుని, "అమ్మకి బీపీ ఉందని తెలుసు కదా మావా. ఈ మూఢనమ్మకాలు మీ దగ్గరే ఉంచుకోండి," అని అరిచాను.

ఆయన ఏమీ అనుకోలేదు. "సదువుకున్నోడివి, నీకలాగే ఉంటాది. సరే, ఇంకోపాలి కాకి తంతే అప్పకి సెప్పించను. నీకే సెప్పిస్తాను. నువ్వేడుద్దువుగాని," అన్నాడు.

"నేను ఏడవను."

"సూద్దాం," అన్నాడు.

నిరుడు జూలైలో విశాఖలో ఇప్పటి నా ఉద్యోగానికి ఇంటర్వ్యూ. మావయ్య పంపించిన తెల్ల చొక్కా వేసుకుని వరండాలో కుర్చీలో కూర్చున్నాను. నా ముందు ఇద్దరున్నారు. ఫోను వణికింది. కొత్త నంబరు. ఎత్తాను.

"అల్లుడా... జగ్గు భాయ్ నేదు. పోనాడు."

అదే గొంతు. అవే మాటలు. వెనకాల అదే వాన.

నాకు నవ్వొచ్చింది. నిజంగా నవ్వొచ్చింది. "మళ్ళీ కాకి తన్నిందా? మావకివ్వు ఫోను," అన్నాను.

"నేదు... నేదు... జగ్గు భాయ్..." అతను ఏడుస్తున్నాడు.

"బాగా చేస్తున్నావు. ఇంటర్వ్యూలో ఉన్నానని మావకి చెప్పు," అని పెట్టేశాను. మళ్ళీ చేశాడు. కట్ చేశాను. మూడోసారి చేసేసరికి లోపలికి పిలుపు వచ్చింది. ఆ నంబరుని బ్లాక్ చేసి లోపలికి వెళ్ళాను. అడిగినవాటికి బాగానే చెప్పాను. ఉద్యోగం వచ్చింది.

సాయంత్రం మావయ్యకి చెబుదామని చేస్తే ఆయన ఫోను పలకలేదు. నా మీద అలిగాడనుకున్నాను. మర్నాడూ అలాగే అనుకున్నాను. ఆ తరవాత ఉద్యోగం కాగితాలు, హాస్టలు వెతుకులాట. ఎనిమిదో రోజున బొబ్బిలి వైపు మేస్త్రి ఒకాయన మంగుళూరు నుంచి వస్తూ మావయ్య సంచి తెచ్చి మా అరుగు మీద పెట్టాడు. మూడో అంతస్తు దగ్గర కర్రలు వానకి జారి కింద పడ్డాడట. మావయ్య ఫోను పగిలిపోయిందట, వాళ్ళ దగ్గరున్న ఒక్క ఇంటి నంబరుకీ ఎన్నిసార్లు చేసినా కలవలేదట. రెండు రోజులు చూసి, తోటివాళ్ళే దహనం చేశారట.

"వానకి సిగినల్ పోయుంటాది," అంది అమ్మ, ఎవరూ అడగకుండానే.

నేను తలూపాను. ఆ ఒక్క తల ఊపడంతో అంతా అయిపోయింది. సంచిలో మావయ్య లుంగీ ఇంకా తడిగానే ఉంది. బూజు వాసన. అమ్మ దాన్ని ఉతకలేదు. దండెం మీద కూడా వేయలేదు. అలాగే మడిచి పెట్టెలో పెట్టుకుంది.

పదో రోజున చెరువు గట్టు మీద ముద్ద పెట్టాం. పోయినవాడు తృప్తిగా పోతే కాకి వచ్చి ముట్టాలి. ఒక్క కాకీ రాలేదు. అమ్మ, "ఏటిరా నీ కోరిక? సెప్పరా. పెళ్ళి సెయ్యలేదనా? కడసూపుకి రాలేదనా?" అని ఒక్కొక్కటే అడిగింది. ఎదురుగా చింతచెట్టు నిండా కాకులున్నాయి. వింటున్నట్టే ఉన్నాయి. దిగలేదు. మధ్యాహ్నం దాకా చూసి ఆ ముద్దని ఆవుకి పెట్టేశాం. ఆయన ఎందుకు ముట్టలేదో అక్కడున్నవాళ్ళలో నా ఒక్కడికే తెలుసు. నేను నమ్మకాలు లేనివాణ్ణి. అయినా తెలుసు.

అప్పటినుంచి నాకొక అలవాటు వచ్చింది. తెలియని నంబరు నుంచి ఏ ఫోను వచ్చినా ఎత్తుతాను. క్రెడిట్ కార్డు అమ్మే అమ్మాయి చెప్పేదంతా చివరిదాకా వింటాను. మధ్యలో పెట్టేయలేను. ఏప్రిల్ ఎండల్లో కూడా ఆ మాటల వెనక రేకుల మీద వాన పడుతూ ఉంటుంది. ఫోను మారిస్తే పోతుందనుకున్నాను. మార్చాను. పోలేదు.

"మీటింగుకి ఏ సొక్కా ఏసుకెల్తావు?" అని అడిగింది అమ్మ.

బ్యాగులో అప్పటికే ఒక తెల్ల చొక్కా పెట్టాను. విశాఖలో కొత్తగా కొన్నది. అమ్మ దాన్ని తీసి పక్కన పడేసి, లోపలికి వెళ్ళి ఇంటర్వ్యూ నాటి చొక్కా తెచ్చింది. ఉతికి, గంజి పెట్టి దాచిందట.

"ఇదేసుకో. మీ మావ పంపించింది. ఇదేసుకుంటే గదా నీకు ఉజ్జోగం వచ్చింది. ఆ ఊరెల్తన్నావు, ఆడు సూసుకుంటాడు."

చొక్కా జేబు మీద చెయ్యి వేశాను. ఆ రోజు ఫోను ఆ జేబులోనే ఉంది. ఆఖరి కాల్ ఆ గుడ్డలోంచే నా గుండె మీద వణికింది. ఇస్త్రీ పెట్టె పక్కకి జరిపాను.

"అమ్మా, కబురు అందింది."

"ఏ కబురు?"

"మావ పోయిన కబురు. ఆ రోజే అందింది. త్రినాథ్ నాకు చేశాడు. నేను కాకి కబురనుకున్నాను."

అమ్మకి వెంటనే అర్థం కాలేదు. తరవాత అరుగు మీద నెమ్మదిగా కూర్చుంది. నేను మొత్తం చెప్పాను. నవ్విన సంగతి కూడా. అది దాచితే మిగతాదంతా చెప్పి ప్రయోజనం లేదు.

"ఎన్నిమార్లు సేసినాడు?"

"మూడు."

"ఏటన్నాడు? ఆడన్నట్టే సెప్పు."

"ఎందుకమ్మా..."

"సెప్పు."

"అల్లుడా... జగ్గు భాయ్ నేదు. పోనాడు."

"మల్లీ సెప్పు."

మళ్ళీ చెప్పాను. నా గొంతు త్రినాథ్ గొంతులాగే వచ్చింది. నేను కావాలని చేయలేదు.

అప్పుడు అమ్మ ఏడ్చింది. మేస్త్రి సంచి తెచ్చిన రోజు ఏడ్చినట్టు కాదు, నూతి గట్టు దగ్గర ఏడ్చినట్టు. "ఓలమ్మో, నా తమ్ముడో," అని అదే కేక. పక్కింటి తాతమ్మ పరుగెత్తుకొచ్చి, "ఏటయినాదే, ఇప్పుడెవులు పోనారు?" అంది. అమ్మ, "నా తమ్ముడు పోనాడే," అంది. తాతమ్మ నాకేసి చూసింది. ఏడాది కిందట పోయినవాడికి ఈ కొత్త ఏడుపేమిటో ఆవిడకి తెలియలేదు. నా మొహం చూసి అమ్మ పక్కన కూర్చుంది.

చాలాసేపటికి అమ్మ ముక్కు చీదుకుని, "ఆ కబురు నాది. నాకొచ్చిన కబురు నువ్వు దాసీసినావు," అంది. "నువ్వు నవ్వినావని కాదురా. ఆడు అప్పుడే సెప్పినాడు కదా, సూద్దాం అని. తెలీక నవ్వినావు. తెలిసాక ఏడాది నా కూడు తిన్నావు, సెప్పకుండా."

నేను ఆ తెల్ల చొక్కాని మడిచి బ్యాగులో పెట్టాను.

"ఆ నంబరున్నాదా?"

బ్లాక్ చేసిన జాబితాలో అదొక్కటే ఉంది. ఫోను మార్చినా అది నాతోనే వచ్చింది. తీసి, స్పీకరు పెట్టి అమ్మ చేతికిచ్చాను. మోగింది. ఎత్తారు. ముందు మాట రాలేదు, రేకుల మీద వాన వచ్చింది. ఈసారి అది నా ఒక్కడికే కాదు, అమ్మకీ తాతమ్మకీ కూడా వినిపించింది.

"నాను జగ్గు వాళ్ళప్పని," అంది అమ్మ.

"అప్పా?" అన్నాడు త్రినాథ్. "అప్పా, ఏడాది అయింది. ఫోన్ చేశావు!" అన్నాడు. అందులో నిష్ఠూరం లేదు. పోగొట్టుకున్నది దొరికినవాడి గొంతు. అమ్మ ఏడుస్తూ, కొడుకు వస్తున్నాడని, చోటు చూపించమని చెప్పింది. పెట్టేశాక లేచి, బ్యాగులో అన్నిటికన్నా పైనున్న పంచెని సర్ది, జిప్పు తనే వేసింది.

"ఎల్లి పెట్టిసి రా. మిగతాది తరవాత మాటాడుకుందాం," అంది. మాత్రలు నేను చేతికిస్తే తీసుకుంది గాని నాకేసి చూడలేదు.

మంగుళూరులో ప్రిస్కిల్లా మేడం చెప్పినట్టే జరిగింది. వాన మొదలవడమూ ఆగడమూ అంటూ అక్కడ లేదు, ఉంటుంది అంతే. లాడ్జిలో బ్యాగు విప్పితే కవర్లలో బట్టలన్నీ పొడిగా, కరకరలాడుతూ ఉన్నాయి. కవరు వేయని మావయ్య పంచె ఒక్కటే చెమ్మగా ఉంది. బ్యాగు లోపల ఎక్కడా తడి లేదు. ఆ పంచెని మొహానికి ఆనించుకున్నాను. సంచిలో వచ్చిన లుంగీ వాసన.

మూడో రోజు డ్యూటీ దిగి, యూనిఫాం మీదే త్రినాథ్‌తో వెళ్ళాను. నలభై ఏళ్ళ సన్నటి మనిషి. గోళ్ళ సందుల్లో నీలం రంగు. దారిలో అతనే అన్నాడు, "నువ్వు ఇంటర్వ్యూ. జగ్గు భాయ్ చెప్పాడు నాకు. ఆ రోజు నువ్వు బిజీ. నాకు తెలుసు." ఏడాదిగా అతను నన్ను అలా క్షమించేసి ఉన్నాడు. ఆ క్షమని అలాగే తీసుకోవడం తేలిక. తీసుకోలేదు. కాకి సంగతి, నేను నవ్విన సంగతి చెప్పాను. అతనికి ఎంత అర్థమయిందో తెలియదు. గొడుగు నా మీదకి జరిపి, తను తడుస్తూ నడిచాడు.

నది ఒడ్డున రేకుల షెడ్డు, కింద సిమెంటు గట్టు. ఆ గట్టు మీద రోజుకెంతమందో. ఏ గుర్తూ లేదు. ఇంటివాళ్ళెవరూ పలకలేదు కాబట్టి దహనం కాగితంలో "జగ్గు, ఊరు తెలియదు" అని రాయించానని త్రినాథ్ చెప్పాడు. ఊరి పేరు అతనికి నోరు తిరగదు. నేను పంచె పరిచి, తువ్వాలు మీద పెట్టి, హోటలు నుంచి తెచ్చిన అన్నం ముద్ద పక్కన పెట్టాను. నిలబడ్డాం. పైన రేకుల మీద చప్పుడు. కాకి రాలేదు. చీకటి పడేవేళకి ముద్ద వానలో కరిగిపోయింది.

ఇంటికి వచ్చాక అమ్మ అడిగింది, "వచ్చినాదా?"

"రాలేదమ్మా."

"వాన కదా," అంది. నిరుడు సిగినల్ పోయుంటుంది అన్నప్పటి గొంతుతోనే. కాని ఈసారి నేను తలూపలేదు.

"వాన కాదమ్మా," అన్నాను.

ఇప్పుడు నేను అన్నం పెట్టమంటే పెడుతుంది, అడిగినదానికి జవాబిస్తుంది. అంతకన్నా లేదు. త్రినాథ్‌తో మాత్రం వారానికొకసారి మాట్లాడుతుంది. "ఏ కబురైనా నాకే సెయ్యి బాబూ. మావోడికి సెయ్యకు," అని నా ఎదురుగానే అతనికి చెప్పింది.

ఆయన ఊరు కాగితంలో లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. పేరు పతివాడ జగన్నాధం. చీపురుపల్లి పక్క పల్లె. రంగులు వేసేవాడు. బాగా నవ్వించేవాడు. నలభై ఆరేళ్ళు. ఆయన చావు కబురు వినగానే ఒకరు ఏడవవలసింది, ఏడవలేదు. మీ ఊళ్ళో వాన పడి, ఉతికిన బట్ట మూడో రోజుకీ ఆరనప్పుడు, దయచేసి ఆయన పేరు ఒక్కసారి తలుచుకోండి.